బొట్టు పెట్టిన తూటా

2025 ఆగస్టు 18

ఇవాళ మా యజమాని, అదే అర్బాబ్, నన్ను మజ్లిస్ హాల్లోకి పిలిచాడు. గోడ మీది తుపాకి దింపి, నా ఒళ్లో పెట్టి, "మాలూం?" అని అడిగాడు.

"మాలూం" అన్నాను.

ఈ దేశానికి వచ్చినప్పటి నుంచి ఏ ప్రశ్నకూ నేను ఇంకో జవాబు చెప్పి ఎరగను. మఫ్రఖ్‌లో షట్టరింగ్ వచ్చా అంటే మాలూం అన్నాను, సాయంత్రానికల్లా నేర్చుకున్నాను. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఫోర్క్‌లిఫ్ట్ వచ్చా అంటే మాలూం అన్నాను, ఒక గోడ కూలింది, తర్వాత అదీ వచ్చింది. ఇక్కడ రాస్ అల్ ఖైమా కొండల కింద ఈ ముసలాయన తోటలో పనికి చేరినప్పుడు ఖర్జూరం చెట్లెక్కడం, మేకలకు పురుడు పోయడం, పికప్ నడపడం అన్నీ మాలూమే. తెలియదన్నవాణ్ణి మర్నాడే క్యాంపుకు పంపేస్తారు. ఈ లింబాద్రిని ఇంతవరకు ఎవరూ పంపలేదు.

అది త్రీనాట్‌త్రీ. చిన్నప్పుడు మా ఊరికి పోలీసులు వచ్చినప్పుడు వాళ్ల భుజాల మీద చూశాను. అది కనబడితే మంచం కిందికి దూరేవాణ్ణి. ఇవాళ దూరలేదు. ఒళ్లో బరువు పెట్టాక ఎలా దూరతాం?

అర్బాబ్ సగం అరబ్బీలో సగం హిందీలో మాట్లాడతాడు, నేను అందులో సగం వింటాను. విన్నంతలో సంగతి ఇది. వాళ్ల నాన్న ఇంగ్లీషువాళ్ల పటాలంలో చేసి ఈ తుపాకి తెచ్చుకున్నాడు. లైసెన్సు అద్దం కట్టించి గోడకు పెట్టారు. వీళ్ల ఇంట్లో ఎవరి పెళ్లి జరిగినా వంశంలో పెద్దవాడు ఈ తుపాకితో లోయ అవతల సున్నం పూసిన రాయిని కొట్టాలి. రాయి పడేదాకా ఎవరూ అన్నం ముట్టరు. ఇప్పుడు మనవడు హుమైద్ పెళ్లి. దుకాణం తూటాలు అర్బాబ్‌కు పనికిరావు. వాళ్ల నాన్న సీసం కరిగించి సొంతంగా పోసుకునేవాడట. మందు దట్టే పని గదికి తాళం వేసుకుని అర్బాబే చేసుకుంటాడు. సీసం పోసే పని నాది.

ఆయన ఎడమ చెవి కింది సగం లేదు. ఎలా పోయిందని ఎవరడిగినా ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతాడు. నాకు తోడేలు అని చెప్పాడు.

ఆగస్టు 19

సీసం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను కాబట్టి పరవాలేదు.

ఆగస్టు 27

వినాయక చవితి. దేవుడు దారి చూపించాడు. టైర్ల షాపులో బండి చక్రం ఊగకుండా అంచుకు చిన్న బిళ్లలు కొడతారు కదా, అవి సీసం. ఊడిపోయినవి బకెట్ నిండా ఇచ్చి, ఎందుకని కూడా అడగలేదు ఆ మలబారు మేస్త్రి.

మేకల దొడ్డి వెనక గ్యాసు పొయ్యి పెట్టి, ఇనప గిన్నెలో కరిగించి, గరిటెతో అచ్చులో పోశాను. అచ్చు వాళ్ల నాన్నదే. పట్టకారులా ఉంటుంది, రెండు చెక్కలు మూస్తే మధ్యలో తూటా ఆకారం. మొదటివి ముడతలు పడ్డాయి. అచ్చు చల్లగా ఉందట. బాగా కాల్చి పోశాను. ఈసారి విబూది రాసినట్టు తెల్లగా వచ్చాయి. అచ్చు మరీ కాలిందట. అర్బాబ్ ఒక్కొక్కదాన్ని భూతద్దంలో చూస్తాడు, "తానీ" అంటాడు, గిన్నెలో వేసేస్తాడు. తానీ అంటే మళ్లీ. ఇవాళంతా నేను విన్న అరబ్బీ అదొక్కటే.

సెప్టెంబర్ 5

మొదటి కాల్పు. దగ్గరలోనే చెక్కకు కాగితం అంటించి పెట్టాం. అర్బాబ్ చాప మీద బోర్లా పడుకున్నాడు. చప్పుడుకు మేకలన్నీ కొండెక్కాయి.

కాగితం దగ్గరికి పోయి చూస్తే గుండ్రటి చిల్లు లేదు. నిలువుగా, పొడుగ్గా, తాళం కప్పకు ఉండే సందులాంటి చిల్లు ఉంది. తూటా ముక్కు ముందుకు పెట్టి పోకుండా, నిద్రలో దొర్లినవాడిలా అడ్డం తిరిగి పోయింది. గొట్టం లోపల అరిగిపోయింది, నీ తూటా సన్నంగా ఉంది, పట్టు దొరకడం లేదు అన్నాడు అర్బాబ్. పైగా సీసమంతా గొట్టం లోపల పూతలా అంటుకుపోయింది. బ్రష్షు పెట్టి తోమీ తోమీ నా చేతులు పడిపోయాయి.

అర్బాబ్ కాలి పుండుకు కట్టు మార్చడానికి వారానికి రెండుసార్లు రేచెల్ సిస్టర్ వస్తుంది. పాలకొల్లు పిల్ల. ఈ కొండల కింద నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటన్నయ్యా, ఆ సీసం పొగలో ముక్కు పెట్టి నించున్నారంట? మూతికి గుడ్డయినా కట్టుకోండి. చేతులు కడుక్కోకుండా అన్నం తిన్నారంటే కడుపునొప్పి వచ్చేద్దండి."

"ఏం గాదు సిస్టర్, నాకు అలవాటే" అన్నాను.

అలవాటు లేదు. కడుపునొప్పి మాత్రం నిన్నటి నుంచి ఉంది.

సెప్టెంబర్ 12

బిళ్లల్లో కొన్ని సీసం కావట. వేరే ఏదో లోహం. అవి కరగకుండా పైన తేలి గిన్నె మొత్తాన్ని గంజిలా చేశాయి. బకెట్‌లో సగం పాడు.

"మాలూం అన్నావుగా?" అన్నాడు అర్బాబ్.

"మాలూం అర్బాబ్. నువ్వు కనిపెడతావా లేదా అని చూశాను."

ఆయన గిన్నె నా వైపు తోశాడు. ఆ తర్వాత మేకల్ని దొడ్లోకి తోలమన్నాడు.

సెప్టెంబర్ 28

మా ఆమె సమ్మవ్వ ఊరి నుంచి ఫోన్ చేసింది. మా ఊరి సర్పంచ్ కుర్చీ ఈసారి ఆడవాళ్లకు వచ్చిందట.

"బీడీలు చేసే ఆడోళ్లందరు నన్నే నిలబడుమంటున్రు. నేను సరే అన్న."

"నన్ను అడగవా?"

"అడుగుతున్న గద. నిలబడుతున్న, ఏమంటవ్?"

"నేను లేకుంట ఎట్ల గెలుస్తవే? మొగోడు పక్కన ఉండాలె. మాట్లాడేది ఉంటది, తిరిగేది ఉంటది. ఎలక్షన్ అంటే బీడీలు చుట్టుడా?"

"ఓటేసెటందుకు రా. కుర్చీల కూసుంటందుకైతే రాకు" అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు. పక్క ఊరి సర్పంచమ్మ మొగుణ్ణి అందరూ సర్పంచ్ సాబ్ అంటారు. కుర్చీలో ఆయనే కూర్చుంటాడు, సంతకం ఒక్కటి ఆమె పెడుతుంది. నాకు అలాంటి ఆశలేం లేవు. తెల్ల చొక్కా ఒకటి కొనాలనుకుంటున్నాను, అది వేరే విషయం.

ఓటు నాటికి ఊళ్లో ఉండాలి. అర్బాబ్‌ను సెలవు అడిగాను. "ముందు శాదీ. రాయి పడితే నువ్వు ఇంటికి. ఖలాస్" అన్నాడు. పెళ్లి నవంబర్‌లో. అంటే నేను ఇంటికి పోవాలంటే రాయి పడాలి. రాయి పడాలంటే తూటా సూటిగా పోవాలి. ఇంతవరకు ఒక్కటీ పోలేదు.

అక్టోబర్ 2

దసరా. తూటా లావెక్కే ఉపాయం దొరికింది. వంటవాడు అనీష్ రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు ఉంది కదా, దాన్ని సన్నగా చించి అచ్చు రెండు చెక్కల మధ్య పెట్టాను. అచ్చు పూర్తిగా మూసుకోలేదు. తూటా వెంట్రుకంత లావెక్కింది. ఇంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో. మనలో మాట, రొట్టె తింటుంటే రేకు ముక్క జారి అచ్చులో పడింది.

పండగ కదా అని పికప్‌కు పసుపు కుంకుమ పెట్టాను. గ్యాసు పొయ్యికి, గరిటెకు, అచ్చుకు కూడా. ఊళ్లో అయితే ట్రాక్టరుకు పెడతాం, కొడవలికి పెడతాం, పని ముట్టు ఏదైనా ఇవాళ దేవుడే. పళ్లెంలో కొత్త తూటాలు వరసగా నిలబడి చూస్తున్నాయి. వాటికి మాత్రం ఎందుకు తక్కువ చేయాలి? ఒక్కోదానికి ఒక బొట్టు పెట్టాను. దండం పెట్టుకుని తుడిచేద్దామనుకునేలోపు అర్బాబ్ వచ్చి పళ్లెం తీసుకుపోయాడు.

ఇక నా పని అయిపోయినట్టే.

అక్టోబర్ 3

తగిలింది. కాగితం మధ్యలో గుండ్రటి చిల్లు. రెండోదీ పక్కనే. మూడోది రెండోదాని పక్కన.

అర్బాబ్ లేచి కూర్చుని బొట్టున్న తూటా ఒకటి తీసి, "ఈ ఎర్రది ఏమిటి?" అన్నాడు.

ఆయన అయిదు పూటలా నమాజు చేసే మనిషి. "అది గుర్తు అర్బాబ్. మంచివాటికి ఎర్ర గుర్తు. పాసైనట్టు" అన్నాను.

"మంచిది. ఇకనుంచి ఎర్రవి మాత్రమే" అన్నాడు.

మంచి పని చేసింది అల్యూమినియం రేకు. పేరు వచ్చింది కుంకుమకు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, మేకల వెనక కొండెక్కాను.

అక్టోబర్ 10

ఎన్నికలు ఆగిపోయాయట. కోర్టు ఆపిందట. సమ్మవ్వ గొంతు దిగులుగా ఉంది. నాకు కూడా బాధగానే ఉంది.

రాత్రి అన్నం బాగా తిన్నాను.

అక్టోబర్ 24

కుంకుమ అయిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం అది. లిప్‌స్టిక్ పెడదామా అనుకున్నాను, కానీ ఆడవాళ్ల సామాన్లు కొంటూ ఎవరికైనా కనబడితే? మొన్న రేచెల్ సిస్టర్‌ను అడిగాను.

"నేనాండీ? కుంకం కొట్టుకెళ్లి కుంకం కొనమంటారా? మా పాస్టరుగారికి తెలిసిందంటే నా పని అయిపోద్దండి."

"తుపాకి కోసం సిస్టర్. దేవుడి కోసం కాదు."

దేవుడికైతే వద్దుగానీ తుపాకికైతే పరవాలేదనుకుంది కాబోలు. ఇవాళ పావుకిలో తెచ్చింది. తుపాకికి ఏ రకం వాడతారో తెలియక రెండు రంగులూ తెచ్చింది.

నవంబర్ 7

పెళ్లి వాయిదా పడింది. పెళ్లికూతురి అక్క కాన్పు దగ్గర పడిందట. డిసెంబర్ పన్నెండు అంటున్నారు. నాకేం తొందర, ఎన్నికలే లేవు.

రేచెల్ సిస్టర్ కట్టు మారుస్తూ నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "అన్నయ్యా, మీ అర్బాబ్ గారికి రెండు కళ్లలోనూ శుక్లాలండి. ఆపరేషన్ చేయించుకోమంటే వినట్లేదు. ఈ చెక్క దగ్గరగా ఉందిగాబట్టి సరిపోతంది. లోయ అవతల రాయి ఆయనకి కనపడదండి. నన్ను చూసి మొన్న అనీషూ అని పిలిచారు."

ఆమెకు తుపాకుల సంగతి ఏం తెలుసు?

నవంబర్ 26

ఎన్నికలు మళ్లీ వచ్చాయి. మా ఊరికి డిసెంబర్ పద్నాలుగు. సమ్మవ్వ ఫోన్‌లో కేకేసింది. వెనక ఆడవాళ్లు నవ్వుతున్నారు.

పెళ్లి పన్నెండున, ఓటు పద్నాలుగున. పదమూడు రాత్రి విమానం ఒక్కటే దొరికింది, మిగతావన్నీ ఓట్లకు పోయేవాళ్లతో నిండిపోయాయి. పద్నాలుగు పొద్దున దిగితే ఊరికి నాలుగైదు గంటలు. ఒంటిగంటకు పోలింగ్ బంద్. సరిపోతుంది, రాయి పడితే. పడకపోతే అర్బాబ్ మర్నాడు మళ్లీ కొడతాడట, ఆ మర్నాడు మళ్లీ. అర్బాబ్ వాళ్ల అన్న పెళ్లిలో అతిథులు రెండు రోజులు ఆకలితో కూర్చున్నారని అనీష్ చెప్పాడు.

ఆయనకు రాయి కనపడదు. ఇది నాకొక్కడికే తెలుసు. రేచెల్‌కు కూడా తెలుసు, కానీ ఆమె ఓటు పాలకొల్లులో ఉంది.

డిసెంబర్ 7

సమ్మవ్వకు కత్తెర గుర్తు వచ్చింది. తునికాకు కత్తిరించే కత్తెర చేతిలో పట్టుకునే ఇంటింటికీ తిరుగుతోందట. ఊళ్లో సగం ఇళ్లలో అదే కత్తెర ఉంది. ఏం మాట్లాడాలో నేను రాసి పంపిస్తానన్నాను. "వద్దు, నేను మాట్లాడుతున్న గద" అంది.

అయినా రెండు పేజీలు రాసి పంపాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

డిసెంబర్ 10

పెళ్లికొడుకు హుమైద్ పికప్‌లో నన్ను లోయ అవతలికి తీసుకుపోయాడు. మంచి కుర్రాడు, బ్యాంకులో పని. రాయి పెట్టే తిన్నె చూపించాడు. దాని పక్కనే మనిషి పట్టేంత గొయ్యి ఉంది.

"మా తాతకు కళ్లు పోయాయి. మాకు తెలుసు. ఆయనకు తెలియదు. మూడొందల మంది ముందు ఆయన తప్పితే నేను చూడలేను. నువ్వు ఈ గొయ్యిలో పడుకో. రాయి కింద చిన్న చీల పెట్టి దానికి ఈ చేపల దారం కడదాం. తుపాకి మోగగానే లాగు. రాయి పడిపోతుంది."

నాకు ఒళ్లు మండింది. నాలుగు నెలలు సీసం పోశాను. గొట్టం తోమాను. కడుపునొప్పి తెచ్చుకున్నాను. క్రైస్తవురాలి చేత కుంకుమ కొనిపించాను. ఆ ముసలాయన ఒక్కొక్క తూటాను పసిపిల్లాడిని పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. ఆయనను మోసం చేయమంటాడా?

"మాలూం" అన్నాను.

పద్నాలుగున ఓటుంది కదా.

డిసెంబర్ 11

అన్నం సహించలేదు. అర్బాబ్ మొహం చూడలేక రోజంతా మేకల దగ్గరే ఉన్నాను. సాయంత్రం అసరు నమాజు తర్వాత ఆయనే కర్ర పట్టుకుని దొడ్లోకి వచ్చాడు. జేబులోంచి ఉండ చుట్టిన తాడు తీసి నా చేతిలో పెట్టాడు. మేక వెంట్రుకలతో పేనిన నల్ల తాడు.

"ఇది కట్టు. ఆ పిల్లవాడు తెచ్చిన దారం ఎండలో మెరుస్తుంది."

తాడు చేతిలో తిప్పి తిప్పి చూశాను.

"మా బాబా, అంటే మా నాన్న కోసం ఆ గొయ్యిలో పడుకున్నది నేనే. మా అన్న పెళ్లి అయ్యాక ప్రతి పెళ్లికీ. ఆయనకు కూడా కళ్లు కనపడేవి కావు. ఈ తాడు నేను పేనిందే."

"మరి తూటాలెందుకు అర్బాబ్? తాడు లాగితే రాయి పడుతుందిగా. ఉత్త చప్పుడు చాలు. నాలుగు నెలలు నాచేత సీసం ఎందుకు పోయించావ్?"

ఆయన తలపాగా పక్కకు జరిపి సగం చెవి చూపించాడు.

"గొయ్యి రాయికి చేతి దూరంలో ఉంది. మా బాబా సీసం పోయడంలో సోమరి. తూటా అడ్డం తిరిగింది." చెవిని వేలితో తట్టాడు. "లింబు, నువ్వు పోసింది నీ కోసమే."

మేక ఒకటి తాడు నములుతుంటే లాక్కున్నాను. నాలుగు నెలలుగా నా ప్రాణానికి నేనే అచ్చు పోసుకుంటున్నానని ఒక్కరైనా ముందు చెప్పి ఉంటే, మొదటి నెలలో ఇంకా కొంచెం శ్రద్ధగా పోసేవాణ్ణి.

డిసెంబర్ 12

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇది ఎవరూ నమ్మరు కాబట్టి ఇక్కడైనా ఉండాలి.

మధ్యాహ్నం జనమంతా లోయ ఇవతల బారులు తీరారు. పెద్ద పళ్లేల్లో అన్నం, మీద ముక్కలు కోయని మేకలు, వాటి మీద మూతలు. ఎవరూ మూత తీయలేదు. నేను పొద్దుటి నుంచే గొయ్యిలో పడుకుని ఉన్నాను. నల్ల తాడు వేలికి చుట్టుకున్నాను. సున్నం రాయి నా మొహానికి అంత దగ్గరగా ఉంది. తల పైకెత్తితే ముక్కు తగిలేలా ఉంది.

హుమైద్ తెల్ల గుడ్డ ఊపాడు. అంటే ఇక కాలుస్తాడు. నేను కళ్లు మూసుకుని మా లింబాద్రి గుట్ట నర్సింహస్వామిని తలుచుకున్నాను. ఆ తూటా కాగితం మీద చేసిన పొడుగు చిల్లు గుర్తొచ్చింది. అల్యూమినియం రేకు గుర్తొచ్చింది. సమ్మవ్వ గుర్తొచ్చింది.

తుపాకి మోగింది.

నేను లాగలేదు. లాగాలన్న మాటే మరిచిపోయాను. కళ్లు తెరిచేసరికి నా నెత్తి మీద సున్నం రాలుతోంది. తిన్నె మీద రాయి లేదు. తాడు వేలికి వదులుగా వేలాడుతోంది. చీల మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది. అవతల మూడొందల గొంతులు ఒక్కసారి లేచాయి, డోళ్లు మోగాయి, మూతలు తీసిన వాసన ఇక్కడిదాకా వచ్చింది.

పగిలిన రాయి ముక్క ఒకటి తీసుకున్నాను. దాని మీద సీసం మరక ఉంది, కొంచెం ఎరుపు కూడా ఉంది. నా తూటా. నాకు ఏడుపు వచ్చింది. గొయ్యిలో కూర్చుని బాగా ఏడ్చాను.

సందడి తగ్గాక అర్బాబ్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. "అర్బాబ్, నేను లాగలేదు. చీల అక్కడే ఉంది. నువ్వే కొట్టావు."

ఆయన నా చెంప తట్టాడు. "మంచివాడివి. నేనూ మా బాబాకు అలాగే చెప్పేవాణ్ణి."

"వల్లా అర్బాబ్, దేవుడి తోడు, నిజం. ఇదిగో, సీసం మరక చూడు."

"నేనైతే మరక ముందురోజే పూసి ఉంచేవాణ్ణి" అన్నాడు. పళ్లు లేని నోటితో ఎంతసేపు నవ్వాడో.

సెలవు కాగితం మీద అప్పటికప్పుడు సంతకం పెట్టాడు. మిగిలిన తూటాల్లోంచి బొట్టున్నది ఒకటి ఏరి నా జేబులో వేశాడు. మీ ఇంట్లో పెట్టుకో, మగవాడి ఇంట్లో ఉండాలి అన్నాడు. అది ఉత్త సీసమే, మందూ మాకూ లేదు. బట్టల మధ్య పెట్టెలో పెట్టాను. కొత్త తెల్ల చొక్కాలో చుట్టి.

డిసెంబర్ 14

పొద్దున ఎయిర్‌పోర్టులో దిగాను. పెట్టెలన్నీ మిషన్‌లోంచి పోతున్నాయి. నాది పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. శ్యాంప్రసాద్ అని పేరు బిళ్ల ఉన్న ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. చొక్కా విప్పి తూటా బల్ల మీద నిలబెట్టాడు.

"ఇదేంటి?"

తూటా అంటే జైలు. ఆ క్షణంలో నా కళ్లకు అది నున్నగా, నల్లగా, కుంకుమ బొట్టుతో బల్ల మీద నిలబడి ఉంది. నోటికి వచ్చింది అనేశాను. "శివలింగం సార్."

"ఇది బుల్లెట్, ఉమామహేశ్వరి గారూ, చూడండి" అన్నాడాయన పక్క బల్ల దగ్గరి లేడీ ఆఫీసరుతో.

ఆవిడ చేతి రుమాలుతో దాన్ని ఎత్తి చూసింది. "కుంకుమ పెట్టారు కదండీ. బుల్లెట్‌కు బొట్టెవరు పెడతారు?"

ఎవరు పెడతారు? నేను నోరు మూసుకున్నాను. వాళ్లిద్దరూ వాదించుకున్నారు. ఇంకో పెద్దాయనను పిలిచారు. ఆయన ముందు తూచమన్నాడు, తర్వాత బూట్లు విప్పాడు. "అభిషేకం చేస్తారా?" అని నన్ను అడిగాడు. "మాలూం" అన్నాను. ఇంకా పెద్దాయన వచ్చేదాకా ఉండాలన్నారు. ఆయన టిఫిన్‌కు పోయాడు. నేను గోడ గడియారం చూస్తూ, సార్ ఓటుంది, మా ఆమె సర్పంచ్‌కు నిలబడ్డది, అని అందరికీ చెప్పాను. అందరూ తల ఊపారు. ఎవరూ వదల్లేదు.

చివరికి, లోహపు వస్తువు ఒకటి, ప్రమాదం లేనిది అని రాసుకుని దాన్ని అట్టే పెట్టుకున్నారు. నేను వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. కంప్యూటర్ పక్కన దేవుడి పటాల ముందు నిలబెట్టారు. అగరుబత్తి వెలిగించారు.

కారులో డ్రైవర్‌ను తొందర పెట్టీ పెట్టీ గొంతు పోయింది. ఊళ్లోకి వచ్చి బడి దగ్గర దిగేసరికి గేటు మూసేశారు. కానిస్టేబుల్‌కు చేతులు జోడించాను. "టైం అయిపోయింది. లైన్ల ఉన్నోళ్లకే" అన్నాడు. దుబాయ్ నుంచి వచ్చానన్నాను. "అయితేంది?" అన్నాడు. నిజమే, అయితే ఏంటి.

బోరింగు గట్టు మీద కూర్చున్నాను. లోపల లెక్కిస్తున్నారు. నా ఒక్క ఓటుతో పోతే ఆమె మొహం ఎలా చూడాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. తూటా నేనే పోశాను, బొట్టు నేనే పెట్టాను, చొక్కాలో నేనే చుట్టాను. ఇంకెవరిని తిట్టుకోను?

సాయంత్రం లోపలి నుంచి కేక వచ్చింది. కత్తెర గెలిచింది. ఒక్క ఓటుతో కాదు, నలభై పైచిలుకు ఓట్లతో. నా ఓటు అవసరమే పడలేదు.

సంతోషమే. చాలా సంతోషం. బోరింగు కొట్టుకుని మొహం కడుక్కున్నాను.

డిసెంబర్ 15

నిన్న రాత్రంతా డప్పులు. జనం నన్ను పట్టుకుని భుజాల మీద ఎత్తుకున్నారు. "లింబాద్రి దుబాయ్ నుంచి వచ్చి గెలిపించిండు" అని ఒకడన్నాడు, ఊరంతా అదే అంది. నేను గేటు బయట ఉన్నానన్నాను. "ఎంత గొప్ప మనిషివే, అక్కన్నుంచే నడిపించినవ్" అన్నారు. మెడలో దండ వేశారు, సర్పంచ్ సాబ్ అని పిలిచారు. రెండు నెలల క్రితమైతే ఆ పిలుపు తీపిగా ఉండేది.

పొద్దున అర్బాబ్‌కు వాయిస్ పంపాను, గెలిచిందని. వెంటనే జవాబు వచ్చింది. "మబ్రూక్ లింబు. తాడు బాగా లాగావు."

"నేను అక్కడ లేనే లేను అర్బాబ్. గేటు బయట ఉన్నాను."

ముసలాయన నవ్వు, వెనక మేకల అరుపు. "మంచివాడివి. నేనూ మా బాబాకు అలాగే చెప్పేవాణ్ణి."

సమ్మవ్వ పంచాయతీ ఆఫీసుకు పోవడానికి బయలుదేరుతోంది. కత్తెర చీర కొంగున కట్టుకుంది. దండ తీసి ఆమె మెడలో వేశాను.

"అందరు నేనే గెలిపించిన్నంటున్రు. నేను ఓటు గూడ ఎయ్యలే" అన్నాను.

"నాకు ఎర్కే" అంది.

ఆ ఒక్క మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె చెప్పులు వేసుకుని పోయింది. నన్ను రమ్మనలేదు. నేనూ పోలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, చూస్తున్నాను.

ఎవరూ చదవరు కాబట్టి రాసి పెడుతున్నాను. రెండుసార్లూ తగిలింది. రెండుసార్లూ తాడు నేను లాగలేదు.